బంగాళదుంపకు గజ్జి: తప్పు పేడదా, బూడిదదా, నీళ్లదా?

పెరటిమొక్క:
ఈసారి తవ్విన దుంపల్లో సగానికి పైగా తొక్క మీద బెరడులాంటి గరుకు మచ్చలున్నాయి. గోరుతో గీకితే పొట్టు రాలుతోంది, లోపల గుజ్జు మాత్రం శుభ్రంగా ఉంది. నాటే ముందు పచ్చి పేడ కలిపాను, పొయ్యి బూడిద కూడా చల్లాను. పేడ వల్లే అని ఒకరు, బూడిద వల్లే అని ఇంకొకరు అంటున్నారు. ఏది నిజం?

మట్టిమనిషి:
ముమ్మాటికీ పేడే. పచ్చి ఎరువు వేస్తే దుంపకు గజ్జి వస్తుందని పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

ఆకుపచ్చ:
నింద మొత్తం పేడ మీదే వేయకండి. గజ్జి తెచ్చేది స్ట్రెప్టోమైసిస్ జాతి బ్యాక్టీరియా. అది చాలా నేలల్లో ముందు నుంచే ఉంటుంది, కుళ్లే చెత్త మీద బతుకుతుంది. పచ్చి పేడ దానికి మేత అవుతుందంటే ఒప్పుకుంటా. కానీ నా అనుమానం బూడిద మీదే. నేల పీహెచ్ (ఆమ్లం, క్షారం చెప్పే కొలత; తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5.2కి దిగితే ఈ తెగులు బాగా తగ్గుతుంది, 5.5 దాటాక పుంజుకుంటుంది. బూడిదైనా సున్నమైనా పీహెచ్ పెంచేవే కదా.

మట్టిమనిషి:
అయితే గంధకం వేసి నేలను ఆమ్లంగా మార్చేస్తే గొడవే ఉండదుగా!

తడిమట్టి:
అంత తేలిక కాదండీ. గంధకం నెమ్మదిగా పనిచేస్తుంది, పైగా ఆ మడిలో తర్వాత వేసే కూరగాయలకు అంత ఆమ్లం పడదు. ఆమ్ల నేలను తట్టుకునే స్ట్రెప్టోమైసిస్ రకం కూడా ఒకటుంది.

అసలు మీరెవరూ నీళ్ల ఊసే ఎత్తలేదు. దుంప ఊరడం మొదలైనప్పుడు దాని లేత తొక్క మీద సన్నటి గాలి రంధ్రాలు ఏర్పడతాయి. బ్యాక్టీరియా లోపలికి దూరేది ముఖ్యంగా అక్కడి నుంచే. తొక్క ముదిరాక దాని ఆటలు సాగవు. కాబట్టి దుంప ఊరడం మొదలైన తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు నేల బెట్టకు రాకూడదు. తడి ఉంటే వేరే సూక్ష్మజీవులు దుంప చుట్టూ చేరి దీనికి చోటివ్వవు. ఆ దశ ఎప్పుడొచ్చిందో తెలియాలంటే మొదట్లో మట్టి కాస్త పక్కకు తీసి చూడండి. భూమిలో పాకే తెల్లటి కాడల కొసలు ఉబ్బుతుంటే వచ్చినట్టే. పైపైన చిలకరిస్తే లాభం లేదు, వేలు గుచ్చితే అడుగున కూడా చెమ్మ తగలాలి.

మట్టిమనిషి:
నేను నీళ్లు బాగానే పెట్టాను, అయినా వచ్చింది. దానికేమంటారు?

తడిమట్టి:
ఏ దశలో పెట్టారన్నది ఒక ప్రశ్న. మీది పొడి గజ్జి ఏమో కూడా చూసుకోండి. దాని కారకం వేరు, చల్లగా, చిత్తడిగా ఉండే నేలలో పెరుగుతుంది. చిన్న పొక్కులు పగిలి గోధుమ రంగు పొడి రాలుతుంది. దానికి నీళ్లు ఎక్కువైతే ఇంకా ముదురుతుంది. ఏ గజ్జో తేలకుండా వైద్యం మొదలుపెట్టొద్దు.

పెరటిమొక్క:
పొడి లేదు, బెరడులాంటి మచ్చలే. దుంప ఊరే రోజుల్లో మాకు నీటి ఎద్దడి కూడా ఉంది. ఇప్పుడు ఇవి తినొచ్చా? విత్తనానికి దాచుకోవచ్చా?

ఆకుపచ్చ:
మచ్చలు పోయేలా తొక్క మందంగా తీసి వండుకోండి, ఏమీ కాదు. విత్తనానికి మాత్రం వద్దు, తెగులు దుంపతోనే కొత్త మడికి వెళ్తుంది. తొక్కలు కంపోస్టులో వేయకండి. ఆ మడిలో మూడు నాలుగేళ్లు బంగాళదుంప ఆపి చిక్కుడు జాతి ఏదైనా వేయండి. ముల్లంగి, బీట్‌రూట్, క్యారెట్ కూడా వద్దు, వాటికీ ఈ గజ్జి పడుతుంది.