1966 అంబాసిడర్ మార్క్ 2: పాత వైరింగ్‌లో హెచ్4 లైట్లు, మ్యూజిక్ సిస్టమ్, ఫోన్ ఛార్జర్ ఎలా?

బెజవాడ_మార్క్2

అందరికీ నమస్కారం. బండికి రేకు పని, పెయింటింగు అయిపోయాయి. వైరింగ్ మాత్రం పాతదే, గుడ్డ చుట్టిన వైర్లు. వంచితే లోపలి రబ్బరు పొడిగా రాలుతోంది. హెచ్4 (హాలోజెన్) హెడ్‌లైట్లు, బ్లూటూత్ మ్యూజిక్ సిస్టమ్, రెండు ఫోన్ల ఛార్జర్ పెట్టాలి. ఇప్పుడున్నది డైనమో, కటౌట్ (డైనమో ఛార్జింగ్‌ను అదుపు చేసే పెట్టె). బ్యాటరీ ప్లస్ బాడీకి కట్టి ఉంది. బ్యాటరీ తిప్పి పెడితే సరిపోతుందని ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. నిజంగా అంతేనా? డ్యాష్‌బోర్డుకు ఒక్క కన్నం కూడా పెట్టను, అది ముందే చెప్తున్నా.

కటౌట్_మేస్త్రి

అంతే కాదండీ. ముందు ఆంపియర్ల లెక్క చూడండి. లూకాస్ సీ40 డైనమో ఇచ్చేది గరిష్ఠంగా 22 ఆంపియర్లు, అదీ ఇంజన్ తిరుగుతున్నప్పుడు. ఐడిల్‌లో దాదాపు ఏమీ ఇవ్వదు. రెండు హెచ్4 లో బీమ్‌లు 110 వాట్లు, అంటే 9 ఆంపియర్లు. ఇగ్నిషన్ కాయిల్‌కు మూడు నాలుగు, పార్కింగ్, టెయిల్, నంబర్ ప్లేటు లైట్లకు 2. మ్యూజిక్ సిస్టమ్‌కు 4, ఛార్జర్‌కు 3 కలిపితే 22 దగ్గరికి వచ్చేశాం. ఇక వైపర్ వేసినా, బ్రేక్ తొక్కి సిగ్నల్ దగ్గర ఆగినా మిగతాదంతా బ్యాటరీ నుంచే పోతుంది. రాత్రిపూట ఊళ్లో తిరిగితే బ్యాటరీ కోలుకోదు. మీరు చెప్పిన సామానుకు 35-45 ఆంపియర్ల ఆల్టర్నేటర్ (డైనమో బదులు వాడే కొత్త రకం జనరేటర్) వేసుకోవడమే నా సలహా.

ఆల్టర్నేటర్ వేయాలంటే నెగటివ్ ఎర్త్‌కు, అంటే బ్యాటరీ మైనస్ బాడీకి కట్టే పద్ధతికి, మారక తప్పదు. బ్యాటరీ తిరగబడి ఉంటే డయోడ్లు క్షణంలో పోతాయి. కొత్త మ్యూజిక్ సిస్టమ్‌ల బాడీ కూడా నెగటివే. పాజిటివ్ ఎర్త్ బండిలో దాని డబ్బా రేకుకు తగిలితే షార్టే. యాంటెన్నా బోల్టు ద్వారా కూడా అదే జరుగుతుంది, చాలామంది ఆ సంగతి మర్చిపోతారు.

మార్చే క్రమం: బ్యాటరీ ప్లస్ పోలు మైనస్ కన్నా లావు, కాబట్టి పాత క్లాంపులు అటూ ఇటూ సరిగా కూర్చోవు, రెండూ కొత్తవి వేయండి. కాయిల్ మీద స్విచ్ వైరు, డిస్ట్రిబ్యూటర్ వైరు ఒకదాని చోట ఒకటి మార్చండి. ప్లగ్‌లో వేడిగా ఉండే మధ్య మొన నెగటివ్‌గా ఉంటేనే స్పార్క్ తేలిగ్గా దూకుతుంది. అమ్మీటర్ వైర్లు కూడా తారుమారు చేయాలి. వైపర్ మోటారు ఫీల్డ్ కాయిల్ రకమైతే ముట్టుకోనక్కర్లేదు. అయస్కాంతం మోటారు ఉన్న ఫ్యాన్ మాత్రం ఉల్టా తిరుగుతుంది.

డైనమోనే ఉంచుకుంటే దాన్ని కొత్త దిశకు అలవాటు చేయాలి. బ్యాటరీ తిప్పాక, సెల్ఫ్ కొట్టకముందు, డైనమో ఎఫ్ (ఫీల్డ్) టెర్మినల్ వైరు తీసి, బ్యాటరీ ప్లస్ నుంచి తెచ్చిన వైరును ఆ టెర్మినల్‌కు రెండు మూడుసార్లు, సెకను చొప్పున తాకించండి. చిన్న మెరుపు వస్తుంది, అది మామూలే. ఈ పని చేయకుండా స్టార్ట్ చేస్తే డైనమో పాత దిశలోనే కరెంటు పుట్టిస్తుంది, కటౌట్ పాయింట్లు అతుక్కుపోయి కాలుతాయి.

ఆల్టర్నేటర్ వేస్తే కటౌట్‌ను చూపుకోసం అక్కడే ఉంచి, దాని వైర్లు బయట కలపండి. ఛార్జింగ్ వైరు 10 స్క్వేర్ ఎం.ఎం., బ్యాటరీ దగ్గరే 60 ఆంపియర్ల ఫ్యూజు. ఈ కరెంటును 30 ఆంపియర్ల స్కేలున్న పాత అమ్మీటర్ గుండా పంపొద్దు. ఇగ్నిషన్ హెచ్చరిక లైటు నుంచి వచ్చే సన్న పసుపు వైరు ఆల్టర్నేటర్ ల్యాంప్ టెర్మినల్‌కు వెళ్తుంది. అక్కడ 2.2 వాట్ల మామూలు బల్బే ఉండాలి. ఎల్‌ఈడీ పెడితే, లేదా బల్బు పోతే, ఆల్టర్నేటర్ ఛార్జింగ్ మొదలుపెట్టకపోవచ్చు. పుల్లీ, ఫ్యాన్ బెల్ట్ ఒకే లైన్లో ఉన్నాయో లేదో స్కేలు పెట్టి చూడండి.

రిలే_రాజు

మేస్త్రి గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను హెడ్‌లైట్ల సంగతి చెప్తా.

ఈ బండ్లలో హెడ్‌లైట్ కరెంటు డ్యాష్‌బోర్డు స్విచ్, కాలి కింద డిప్పర్ స్విచ్ తిరిగి వస్తుంది, మధ్యలో ఫ్యూజు లేదు. హై బీమ్‌లో 10 ఆంపియర్లు ఆ పాత పాయింట్ల గుండా పోతే స్విచ్ వేడెక్కుతుంది, లైటు ఎర్రబడుతుంది. 13.5 వోల్టులు రావాల్సిన చోట 12 వస్తే వెలుతురు మూడింట రెండు వంతులకు పడిపోతుంది. లైట్లు వెలుగుతుండగా మల్టీమీటర్ ఒక మొన బ్యాటరీ ప్లస్‌కు, ఇంకోటి బల్బు పిన్నుకు పెట్టండి. అర వోల్టు దాటితే దారిలో నష్టం ఉన్నట్టే.

రెండు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్‌లు) చాలు, హై బీమ్‌కు ఒకటి, డిప్‌కు ఒకటి. రిలే 30వ పిన్నుకు బ్యాటరీ నుంచి 2.5 స్క్వేర్ ఎం.ఎం. వైరు, ఆరంభంలోనే 20 ఆంపియర్ల ఫ్యూజు. 87 నుంచి బల్బులకు, ఎడమకూ కుడికీ వేరువేరుగా 10 ఆంపియర్ల ఫ్యూజులతో, 1.5 వైరు. ఒకటి పోయినా రోడ్డు మీద పూర్తిగా చీకటి కాదు. 85 ఎర్త్‌కు. 86కు పాత వైర్లే: లూకాస్ రంగుల్లో నీలం-తెలుపు హై, నీలం-ఎరుపు డిప్. రిలే కాయిల్ తీసుకునేది పావు ఆంపియర్ లోపే కాబట్టి పాత స్విచ్‌కు ఇక బరువు ఉండదు. వాటేజీ 60/55 దాటొద్దు. 100/90 బల్బులు హోల్డర్‌ను కరిగిస్తాయి.

మీ బండికి కొత్త పెయింట్ వేశారు కాబట్టి ఈ మాట గట్టిగా చెప్తున్నా: పెయింట్ మీద ఎర్త్ పట్టదు. ప్రతి ఎర్త్ బోల్టు కింద రూపాయి బిళ్లంత మేర రేకు మెరిసేదాకా గీకి, పళ్ల వాషర్ వేసి బిగించి, పైన వాజిలిన్ రాయండి. ఇంజన్‌కూ బాడీకీ మధ్య అల్లిక పట్టీ తిరిగి పెట్టారా? పెయింటింగ్ తర్వాత ఎక్కువగా మరిచేది అదే. అది లేకపోతే సెల్ఫ్ కరెంటు యాక్సిలరేటర్, చోక్ కేబుళ్ల గుండా పోయి అవి ఎర్రగా కాలతాయి.

ఇంకోటి, పాత గాజు ఫ్యూజు మీద 35 అని ఉంటే అది తెగిపోయే కరెంటు. ఆగకుండా మోయగలిగేది 17.5 మాత్రమే. దాని బదులు ఇప్పటి 35 ఆంపియర్ల బ్లేడ్ ఫ్యూజు వేస్తే ఫ్యూజు కంటే ముందు వైరు కాలుతుంది. 15 వేయండి.

పాటల_పెట్టె

మ్యూజిక్ సిస్టమ్‌కు కన్నం అక్కర్లేదు. డ్యాష్‌బోర్డు కింద అర లోపల రేకు పట్టీతో వేలాడదీయండి, ఉన్న బోల్టులకే. ఇగ్నిషన్‌తో పనిచేసే ఒక రిలే, దాని వెనక నాలుగు ఫ్యూజుల చిన్న పెట్టె పెడితే ఛార్జర్‌కు 5, మ్యూజిక్ ఎరుపు వైరుకు 5, మిగతావి ఖాళీ. పసుపు వైరు మెమరీ కోసం, నేరుగా బ్యాటరీ నుంచి 10 ఆంపియర్ల ఫ్యూజుతో. ఎరుపు, పసుపు కలిపి మెలేస్తే కీ తీసినా సిస్టమ్ ఆన్‌లోనే ఉంటుంది, బ్యాటరీ దిగిపోతుంది.

స్పీకర్ మైనస్‌ను బాడీకి కట్టొద్దు. పాత రేడియోల్లో చెల్లింది, ఇప్పటి సిస్టమ్‌లలో ఆంప్లిఫయర్ పోతుంది. ఇంజన్ వేగంతో పాటు కూత వస్తే ముందు ఎర్త్ మార్చి చూడండి, తర్వాత 5 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ప్లగ్ క్యాపులు.

బెజవాడ_మార్క్2

చాలా ధన్యవాదాలు అందరికీ. ఇండికేటర్లకు ఎల్‌ఈడీ వేయొచ్చా? వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు ఇవేమైనా అడ్డొస్తాయా?

రిలే_రాజు

ఎల్‌ఈడీ వేస్తే పాత ఫ్లాషర్ (ఇండికేటర్లను వెలిగించి ఆర్పే డబ్బా) కొట్టుకోదు, అది ఒక్కో వైపు 42 వాట్ల వేడితో నడిచేది. ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ వేయండి, దానికి ఎర్త్ వైరు అదనంగా కావాలి. హెడ్‌లైట్‌లో మాత్రం హాలోజెన్‌తోనే ఆగండి, పాత రిఫ్లెక్టర్‌లో ఎల్‌ఈడీ వెలుగు చెల్లాచెదురై ఎదుటివాడి కళ్లలో కొడుతుంది.

కటౌట్_మేస్త్రి

2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చని బండి వింటేజ్ కిందికి వస్తుంది. కొత్తగా వింటేజ్ రిజిస్ట్రేషన్ నంబర్ ఇస్తే అందులో వీఏ అక్షరాలు ఉంటాయి. వైరింగ్‌ను అందులో పేర్కొనలేదు. అయినా డైనమో, బ్రాకెట్, పాత వైరింగ్ కట్ట పారేయకుండా చీటీలు కట్టి దాచండి.

పనయ్యాక బ్యాటరీ ఒకేసారి తగిలించొద్దు. మైనస్ క్లాంపుకూ పోలుకూ మధ్య 21 వాట్ల బల్బు పెట్టండి. అన్ని స్విచ్‌లు ఆఫ్‌లో, మ్యూజిక్ పసుపు వైరు ఫ్యూజు తీసి ఉండగా బల్బు వెలగకూడదు. నిండుగా వెలిగితే ఎక్కడో షార్ట్ ఉంది. ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ పోండి, ఏది తీసినప్పుడు బల్బు ఆరితే ఆ లైన్ పట్టుకోండి. ఏ ఫ్యూజు తీసినా ఆరకపోతే ఫ్యూజు లేని వైర్లలో వెతకండి: కటౌట్, అమ్మీటర్, లైట్ స్విచ్. బల్బు ఆరాకే క్లాంపు బిగించి సెల్ఫ్ కొట్టండి.