శాటిలైట్ నుంచి మెసేజ్ వచ్చింది సరే, ఆర్‌సీఎస్ ఎటుపోయింది?

నీలిటిక్కు:
నిన్నటి నుంచి బుర్ర గోక్కుంటున్నా, తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి. మా ఫ్రెండ్ ట్రెక్‌కి వెళ్ళాడు, అక్కడ సెల్ సిగ్నల్ అన్నదే లేదు, కానీ వాడి ఫోన్‌లో శాటిలైట్ మెసేజింగ్ ఉంది. మామూలుగా మా చాట్ ఆర్‌సీఎస్‌లో (ఎస్ఎమ్ఎస్ తర్వాత వచ్చిన కొత్త రకం మెసేజింగ్) నడుస్తుంది, టైప్ చేస్తుంటే చుక్కలు, చదివితే టిక్కులు, అన్నీ ఉంటాయి. మొన్న సాయంత్రం అదే నంబర్ నుంచి "అందరం క్షేమంగా చేరాం" అని ఉత్త ఎస్ఎమ్ఎస్ వచ్చింది. అప్పటిదాకా టెన్షన్‌తో ఉన్నానేమో, ఆ సంతోషంలో ఒక ఫోటో పెట్టి, కింద ఉత్తరమంత రాసి పంపా. ఒక్క టిక్కు దగ్గరే ఆగిపోయింది. మర్నాడు వాడు కిందికి దిగాక గానీ చేరలేదు. ఎందుకలా?

ఇంకో డౌట్. నా ఫోన్ స్పెసిఫికేషన్లలో ఎన్‌టీఎన్ సపోర్ట్, అంటే నేల మీది టవర్లు కాకుండా ఉపగ్రహాలతో నడిచే నెట్‌వర్క్‌కి సపోర్ట్, అని ఉంది. సెట్టింగ్స్ మొత్తం గాలించినా శాటిలైట్ అన్న మాటే కనపడలేదు. అసలు దీనికి ఒక స్టాండర్డ్ ఉందా, లేక ఎవరి ఇష్టం వాళ్ళదా?

పాత_మోడెమ్:
రెండోదానితో మొదలుపెడతా, అది తేలితే మొదటిది సగం తేలినట్టే. "శాటిలైట్ సపోర్ట్" అనే ఒకే పేరుతో మూడు వేరువేరు పద్ధతులు నడుస్తున్నాయి.

యాపిల్‌ది సొంత పద్ధతి. 2022 నవంబర్‌లో ఐఫోన్ 14తో వచ్చింది, ముందు ఎమర్జెన్సీకి మాత్రమే, 2024లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 18 వచ్చాక కొన్ని దేశాల్లో మామూలు మెసేజ్‌లకి కూడా. దాని వెనక ఉన్నవి గ్లోబల్‌స్టార్ ఉపగ్రహాలు, సుమారు 1400 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటాయి.

మీ ఫోన్ మీద రాసి ఉన్నది రెండోది. మొబైల్ నెట్‌వర్క్‌లకి స్టాండర్డ్‌లు రాసే 3జీపీపీ వాళ్ళు రిలీజ్ 17 అనే విడతలో పెట్టిన అసలైన స్టాండర్డ్ అది. గూగుల్ పిక్సెల్ 9లో స్కైలో అనే ఉపగ్రహ సర్వీస్ కంపెనీ ద్వారా వచ్చినది ఈ రకమే. ఇందులో ఉపగ్రహం దాదాపు 36,000 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, ఫోన్ ఏమో 0.2 వాట్ పవర్‌తో అంత దూరం అరవాలి. అందుకే 180 కిలోహెర్ట్జ్ వెడల్పున్న సన్నటి ఛానెల్ వాడతారు. ఫోన్ మోడెమ్‌లో (సిగ్నల్ చూసుకునే చిప్) ఈ సపోర్ట్ ఉన్నంత మాత్రాన ఏమీ కాదు, ఆ బ్యాండ్‌కి తగ్గ యాంటెన్నా ఉండాలి, కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో తెరవాలి, ఉపగ్రహం వాళ్ళతో ఒప్పందం ఉండాలి, ఆ దేశంలో అనుమతి ఉండాలి. వీటిలో ఏది లేకపోయినా సెట్టింగ్స్‌లో ఏమీ కనపడదు, ఆ మాట మాత్రం పెట్టె మీద మెరుస్తూనే ఉంటుంది!

మూడోదాంట్లో ఉపగ్రహమే టవర్ వేషం వేస్తుంది. స్టార్‌లింక్ డైరెక్ట్ టు సెల్ అలాంటిదే, అమెరికాలో టీ-మొబైల్ అనే ఫోన్ కంపెనీ 2025 జులైలో అందరికీ తెరిచింది. ఫోన్‌కి అది మామూలు ఎల్‌టీఈ (4జీ) టవర్‌లాగే కనపడుతుంది, కాబట్టి ప్రత్యేకమైన ఫోన్ అక్కర్లేదు. సెకనుకి ఏడు కిలోమీటర్లకి పైగా పరిగెత్తే టవర్ అన్నమాట. ఆ వేగానికి ఫ్రీక్వెన్సీ జారిపోకుండా సర్దే తలనొప్పంతా ఉపగ్రహమే పడుతుంది.

డెబ్భై_అక్షరాలు:
మొదటి డౌట్‌కి నేను చెప్తా. ఆర్‌సీఎస్ రేడియో కాదు, డేటా మీద నడిచే సర్వీస్. సర్వర్‌తో కనెక్షన్ ఉండాలి, మీకిష్టమైన ఆ చుక్కలూ టిక్కులూ ఒక్కోటీ వేరే మెసేజ్‌గా అటూ ఇటూ పోతుండాలి. సన్నటి దారిలో అదంతా బరువు. ఎస్ఎమ్ఎస్‌కి ఆ గొడవ లేదు, ఫోన్, నెట్‌వర్క్ తమలో తాము మాట్లాడుకునే సిగ్నలింగ్‌లోనే దూరి పోతుంది, మొత్తం 140 బైట్లు. మీవాడి మెసేజ్ అలా దాటింది, మీ ఫోటో ఆర్‌సీఎస్ సర్వర్ దగ్గర వాడి కోసం కూర్చుంది.

తెలుగులో రాస్తే ఇంకో తిప్పలు ఉంది. ఇంగ్లీషు అక్షరాలైతే 160 పడతాయి, తెలుగైతే 70. పైగా మన కంటికి కనపడే అక్షరం వేరు, ఫోన్ లెక్క వేరు. "క్షేమంగా" మనకి మూడే అక్షరాలు, ఫోన్‌కి మాత్రం క, పొల్లు, ష, ఏత్వం, మ, సున్నా, గ, దీర్ఘం, మొత్తం ఎనిమిది. 70 దాటిందా, ముక్కకి 67 చొప్పున విరిగిపోతుంది, అన్ని ముక్కలూ చేరితే గానీ అవతల మెసేజ్ సరిగ్గా కనపడదు. విచిత్రం ఏంటంటే తెలుగుని తక్కువ చోటులో ఇరికించే పట్టిక ఎస్ఎమ్ఎస్ స్టాండర్డ్‌లోనే ఉంది, నేను వాడిన ఒక్క ఫోనూ దాన్ని పట్టించుకోలేదు.

నీలిటిక్కు:
అంటే ఇంత టెక్నాలజీ వచ్చి చివరికి 1992 నాటి ఎస్ఎమ్ఎస్సే దిక్కా? మరి ఆ స్టాండర్డ్ అందరూ పాటిస్తే ఈ బాధ పోతుందా?

పాత_మోడెమ్:
రేడియో వరకు కొంత పోతుంది. 2023 జనవరిలో చిప్‌ల కంపెనీ క్వాల్‌కామ్, ఉపగ్రహాల కంపెనీ ఇరిడియం కలిసి సొంత పద్ధతి ఒకటి ప్రకటించి అదే ఏడాది నవంబర్‌కి విడిపోయాయి, ఫోన్ కంపెనీలు స్టాండర్డ్ వైపే మొగ్గుతున్నాయని క్వాల్‌కామే చెప్పింది. కానీ రిలీజ్ 17 చెప్పేది ఫోన్ ఉపగ్రహంతో ఎలా మాట్లాడాలన్నదే. పైన ఏ మెసేజ్ యాప్ పోవాలన్నది దాని పని కాదు.

చెట్టుకింద:
సిద్ధాంతం సరేగానీ, చేతిలో పట్టుకుంటే ఎలా ఉంటుందో చెప్తా. నా ఫోన్‌లో స్క్రీన్ మీద ఒక గీత వస్తుంది, ఎడమకి తిరుగు, కుడికి తిరుగు అంటుంది. మొదటిరోజు మైదానంలో నిలబడి పంపితే పావు నిమిషంలో పోయింది, అబ్బో అనుకున్నా. రెండోరోజు చెట్లలో అదే పని చేస్తే నిమిషం దాటినా "పంపుతోంది" అనే ఉంది. ఈలోగా ఆ ఉపగ్రహం ఆకాశం అంచు కిందికి దిగిపోయింది, మళ్ళీ ఇంకోదాని కోసం ఫోన్ పట్టుకుని దిష్టిబొమ్మలా నిలబడ్డా. పది అడుగులు పక్కకి జరిగి ఆకాశం కనపడే చోటికి రాగానే పోయింది.

డెబ్భై_అక్షరాలు:
ఇంకోటి, ఉపగ్రహం నుంచి వచ్చింది కదా అని ఎస్ఎమ్ఎస్‌లో రహస్యాలు రాయకండి, ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ (పంపినవాళ్ళు, అందుకున్నవాళ్ళు తప్ప మధ్యలో ఎవరూ చదవలేని తాళం) దానికి లేదు. యాపిల్ సొంత మెసేజింగ్ ఐమెసేజ్‌కి ఉపగ్రహం మీద కూడా అది ఉంటుంది, అయితే సిగ్నల్ ఉన్నప్పుడే ఐమెసేజ్ ఆన్ చేసి పెట్టుకోవాలి.

@నీలిటిక్కు, మీ యాప్‌లో ఆర్‌సీఎస్ వెళ్ళకపోతే ఎస్ఎమ్ఎస్‌గా పంపే ఆప్షన్ ఉంటుంది, చూడండి. ఫోటోకి మాత్రం అది పనికిరాదు.

నీలిటిక్కు:
దొరికింది, ఆన్ చేశా. వచ్చే వారం వాడు మళ్ళీ వెళ్తున్నాడట. నేను అప్పుడు రాసిన ఉత్తరాన్ని ఇప్పుడు లెక్కపెట్టి చూస్తే 412 వచ్చింది, అంటే ఏడు ముక్కలు. ఈసారి "సరే, జాగ్రత్త" చాలు.