ఊఁ కొట్టడానికి జూలూ పిల్లలు ఏమంటారో తెలుసా

మొన్న "ఊఁ కొట్టు" మీద చర్చ నడిచింది కదా, కథ వినేవాడికి కూడా ఓ డ్యూటీ ఉన్న భాష మనది కాక ఇంకోటుందా అని ఎవరో అడిగారు. ఉందండీ. నేనిప్పుడు దక్షిణాఫ్రికాలో క్వాజూలూ-నటాల్ ఉత్తరాన ఓ పల్లెటూరి స్కూల్లో వాలంటీర్‌గా నాలుగో క్లాసుకి ఇంగ్లీష్ చెప్తున్నా. ఇక్కడ మూడు దాకా చదువంతా జూలూలోనే, నాలుగుకి రాగానే లెక్కలు, సైన్సు కూడా ఇంగ్లీషే అన్నది ఏళ్ల తరబడి రూలు, 2025 నుంచి ఇంటిభాషని కూడా పక్కన పెట్టుకుని చెప్పే పద్ధతి మొదలుపెట్టారు, అది మా ఊరి క్లాస్‌రూమ్‌లో ఎంతవరకు కనపడుతోందంటే, వద్దులెండి, అది వేరే పోస్టు.

పిల్లలు మాత్రం బంగారాలు. ఏదిచ్చినా రెండు చేతులూ చాపి తీసుకుంటారు. ఇంగ్లీషులో ప్రశ్న అడిగితే మాత్రం తలొంచి బెంచీ వంక చూస్తారు, పెద్దవాళ్ల కళ్లలోకి సూటిగా చూడటం ఇక్కడ అమర్యాద, కొత్తగా వచ్చినవాళ్లు దాన్ని చదువు రాకపోవడం అనుకుంటారు. మధ్యాహ్నం స్కూల్లో పెట్టే బీన్స్ తిన్నాక చివరి పీరియడ్‌లో సగం మంది జోగుతుంటారు. అప్పుడు నేను "క్వాసుకసుకేలా" అంటానో లేదో, క్లాసంతా లేచి ఒక్క గొంతుతో "కోసి!" అని అరుస్తారు. అంతే, ఇక కథ మొదలు. మొదటిది మన అనగనగా లాంటిదే. "సుక" అంటే లేవడం, బయల్దేరడం, దాన్ని రెండుసార్లు అన్నారు, మనం అనగ, అనగ అన్నట్టే.

అయితే పైన "కోసి" అని రాశా గానీ అది తప్పుడు రాత, తెలుగులో రాయడం కుదరదు. అక్కడున్నది క కాదు, జాలిపడినప్పుడు మనం నాలుక పళ్లకి తగిలించి "ప్చ్" అంటాం చూడండి, అదీ. ఆ ప్చ్‌కి ఓసి కలపండి.

— ప్చ్ అక్షరమా మేడం!! మనం దాన్ని నిట్టూర్పు ఖాతాలో వేసేశాం.

— ఒకటి కాదండీ, అలాంటివి మూడున్నాయి. ఇంకోటి ఎడ్లని అదిలించేటప్పుడు దవడ పక్కనుంచి చేసే శబ్దం, మూడోది నాలుకని అంగిలికి అంటించి టక్కున లాగడం. పక్కనున్న ఖోయ్‌సాన్ భాషల నుంచి వచ్చి చేరాయి ఇవి. మొదటిది మనకి నోట్లో రెడీగానే ఉంది, మాటలో వాడుకోలేదు అంతే.

— కథ కంచికి లాంటిది ఉందా? అక్కడ తెలుగువాళ్లు ఉన్నారని విన్నా, వాళ్లేమంటారు?

— తెలుగువాళ్లు 1860 నుంచి చెరుకు తోటల పనికి మద్రాసు ఓడల్లో వచ్చినవాళ్ల సంతతి, డర్బన్ వైపు, తీరం పొడుగునా ఉంటారు, 1931 నుంచి ఆంధ్ర మహాసభ కూడా ఉంది, మా ఊరి దగ్గర ఎవరూ లేరు. కంచి మాత్రం ఉంది: "కోసి కోసి ఇయాఫేలా", అయిపోతోంది అని. ఇక్కడ ఫ ని ఫ్యాన్‌లో ఫ లా పలక్కండి దయచేసి, ప కి ఒత్తు పెట్టిన అసలు ఫ అనండి. మనవాళ్లు ఫలానికి కూడా ఫ్యాన్ ఫ యే వేస్తున్నారు, ఇక్కడ అలా వేస్తే "ఫ" అంటే చావడం, ఆ ధాతువొచ్చి పడుతుంది.

ఇంకో సంగతి. ఈ కథలు గోగోలు, అంటే అమ్మమ్మలూ నానమ్మలూ, రాత్రిపూట చెప్పేవి. పగలు చెప్తే నెత్తిన కొమ్ములు మొలుస్తాయంటారు. వంట చేసే గోగో నా క్లాసు కిటికీలోంచి కోసి వినపడ్డప్పుడల్లా తన నుదురు తడుముకుని చూపించి నవ్వుతుంది. మన దగ్గర పగటి కథల మీద ఇలాంటి ఆంక్ష ఏదన్నా ఉందా? మా అమ్మమ్మ మధ్యాహ్నం కథ అడిగితే కసిరేది, అది ఆచారమో నిద్రో ఇప్పుడు అడగడానికి లేదు. రాయలసీమ, ఉత్తరాంధ్ర వాళ్లు చెప్పండి.