సమస్యాపూరణం: మోసపోయి తండ్రి మురిసిపోయె

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. బైబిలు ఆదికాండములోని పితరుల ఇళ్ళలో, అబ్రాహాము మొదలు యోసేపు దాకా, ఎవరి కథతోనైనా పూరించండి. మోసపోయినవాడు ఏడవాలి గాని మురియడమేమిటన్నదే చిక్కు. నేటి పెళ్ళి కబుర్లలోకి దిగి తప్పించుకోవద్దు.

గుంటూరు పాఠకుడు:

కనులు మసకబారి కమ్మని కూరకై
వేచియున్న వేళ వెంట్రుకలను
మేకతోలు చేతిమీదను దడిమి తా
మోసపోయి తండ్రి మురిసిపోయె.

మాస్టారు: గణాలు, యతులు చక్కగా కుదిరాయి. కథ మాత్రం కొంచెం జారింది. అన్న ఏశావుకు దక్కాల్సిన దీవెన కోసం యాకోబు ఏశావులా వచ్చాడు. చేయి తడిమినప్పుడు తండ్రి ఇస్సాకు మురవలేదు, ఎటూ తేల్చుకోలేకపోయాడు. స్వరం యాకోబుది, చేతులు ఏశావువి అన్నాడు. నువ్వు నిజంగా ఏశావువేనా అని ఇంకోసారి అడిగాడు. తిన్నాడు, తాగాడు, ముద్దుపెట్టుకోమని దగ్గరికి పిలిచాడు. అప్పుడు తగిలింది బట్టల వాసన! పెద్దకొడుకు మంచి బట్టలు చిన్నవాడికి తొడిగింది తల్లి రిబ్కా. ఆ వాసనకే పొలం గుర్తొచ్చి నోట దీవెన పలికింది. మురిపెం ముక్కుది, చేతిది కాదు. ఇలా మారిస్తే?

కనులు మసకబారి కమ్మని కూరకై
వేచియుండ, రాగ వేషగాడు,
పెద్దవాని బట్ట పీల్చి యా తావికే
మోసపోయి తండ్రి మురిసిపోయె.

గుంటూరు పాఠకుడు: ‘వేషగాడు’ బాగా కూర్చుంది, మాస్టారూ. సండేస్కూల్లో ఈ కథ వింటూ యాకోబు తెలివికి సంబరపడేవాళ్ళం. ఇప్పుడు నాకూ ఇద్దరు కొడుకులు. అసలువాడు వేటమాంసంతో వచ్చి నిలబడగానే ముసలాయన గడగడ వణికే 27వ అధ్యాయం 33వ వచనం దగ్గర పుస్తకం మూయాలనిపిస్తుంది. ఈ సమస్యలో ఆ వణుకుకు చోటు లేదు.

నెల్లూరు మిత్రుడు:

రక్తమంటినట్టి రంగుల యంగీని
జూచి యేడ్చె నాడు, శోకముడిగి
బండ్లు గాంచినంత బాధలు మఱచుచు
మోసపోయి తండ్రి మురిసిపోయె.

మాస్టారు: ధార బాగుంది. అయితే ‘మోసపోయి’కీ ‘మురిసిపోయె’కీ నడుమ 22 ఏళ్ళున్నాయి. యాకోబు కొడుకు యోసేపును అన్నలు అమ్మేనాటికి అతనికి 17, ఐగుప్తు రాజు ఫరో ముందు నిలిచేనాటికి 30. పంటల ఏళ్ళు ఏడు, అప్పటికి గడిచిన కరవు ఏళ్ళు రెండు కలపండి. మోసపోయినందుకు కాదు, మోసం వీడినందుకు మురిశాడు. కఠినంగా చూస్తే సమస్య విడలేదు.

నిర్వాహకుడు: నేను మాత్రం మార్కులు వేస్తాను, మాస్టారూ. కొడుకు బతికే ఉన్నాడని పదకొండుగురూ చెప్పినా యాకోబు నమ్మలేదు. యోసేపు ఐగుప్తు నుంచి పంపిన బండ్లు చూశాకే ప్రాణం లేచివచ్చింది. ఆ బండ్లను పద్యంలోకి లాగినవాడు కథను శ్రద్ధగా చదివినట్టే. ఇంకొకటి: తండ్రిని మోసగించడానికి యాకోబు వాడింది మేకపిల్లల తోలు. కొడుకులు అతనిని మోసగించడానికి వాడింది మేకపిల్ల రక్తం. గ్రంథం ఈ రెంటినీ ముడివేసి చూపదు, పక్కన నిలబడి నీతి చెప్పదు.

హన్మకొండ సోదరి:

తెల్లవారి చూడ దీరని కోపమే;
లేయ చూలు నిండి లెక్కగాను
నలుగురైన సుతుల నవ్వులు వినినంత
మోసపోయి తండ్రి మురిసిపోయె.

మాస్టారు: భలే, అమ్మా! ఎవరికీ తోచని దారి. మామ లాబాను దగ్గర ఏడేళ్ళు రాహేలు కోసం కొలువు చేసి, పెళ్ళైన తెల్లారి ఆమె అక్క లేయాను చూసిన యాకోబే ఇక్కడ తండ్రి. ‘లెక్కగాను’ మాత్రం గణం నింపడానికి వచ్చింది. ‘లేయ యొడిని నిండి లేతగాను’ అంటే ఆ లేతదనం పిల్లల నవ్వులకు అతుకుతుంది.

నెల్లూరు మిత్రుడు: పద్యం అందంగా ఉంది గాని ఆధారం? నలుగురు కొడుకులను చూసి యాకోబు మురిసినట్టు గ్రంథంలో లేదు. రూబేను పుట్టగానే ఇక నా పెనిమిటి నన్ను ప్రేమిస్తాడనుకున్నది లేయా. మూడోవాడు లేవి పుట్టినా ఇంకా అదే ఆశ.

హన్మకొండ సోదరి: లేదండీ, ఒప్పుకుంటాను, తెలిసే రాశాను. ఆమెకు గ్రంథం ఇవ్వనిది పద్యంలోనైనా ఇద్దామనిపించింది. అయినా చివరికి చూడండి. రాహేలు ఎఫ్రాతా దారిలో ప్రసవిస్తూ పోయింది, అక్కడే పాతిపెట్టాడు. ఐగుప్తులో మంచం మీద ఉన్న యాకోబు తనను మక్పేలా గుహలో పెట్టమన్నాడు. అబ్రాహాము 400 తులాల వెండికి కొన్న గుహ అది. అక్కడ లేయాను పాతిపెట్టితిని అని తన నోటనే చెప్పాడు. ప్రేమో, వంశాచారమో నాకు తేలలేదు. పక్కన చోటు మాత్రం ఆమెకే దక్కింది.

నిర్వాహకుడు: లాబానుతో ఒక పూరణ వచ్చింది, మూడో పాదంలో ఇంద్రగణం తప్పింది. పైగా గృహదేవతలను పోగొట్టుకున్న లాబాను ఎక్కడా మురవలేదు. సరిచేసి పంపండి. ఈ వారం మెప్పు హన్మకొండకే.

వచ్చేవారం తేటగీతిలో, యోసేపు కథనుంచే: ‘కరవు వచ్చినందుకె కదా కడుపు నిండె’.