జింక వేటకు ఒంటి తూటా పిస్తోలు: ఏ బ్యారెల్ తీసుకోవాలి?

టెక్సస్‌లో ఉంటున్నాను. ఆరేళ్లుగా రైఫిల్‌తో తెల్లతోక జింకలను వేటాడుతున్నాను. ఈ నవంబరుకు ఒకే తూటా పట్టే పిస్తోలుకు మారాలని ఉంది. అనుభవమున్నవారు దారి చూపండి.

పోయిన సీజనులో .44 మాగ్నమ్ రివాల్వర్ తీసుకెళ్లాను. పొద్దు గుంకుతుండగా మగజింక ఒకటి పొదల పక్కన, సుమారు తొంభై గజాల దూరంలో వచ్చి నిలబడింది. గురి పెడితే బ్యారెల్ చివరి సైటు దాని భుజాన్ని దాదాపు కప్పేసింది. ట్రిగ్గర్ మీది నుంచి వేలు తీసేశాను. గాయపడిన ప్రాణి రాత్రంతా పొదల్లో విలవిలలాడటం నేను భరించలేను.

ఇప్పుడు పాత థాంప్సన్ సెంటర్ కంటెండర్ (బ్యారెల్ మార్చి వేర్వేరు తూటాలు వాడుకోగల ఒంటి తూటా పిస్తోలు) ఒకటి అమ్మకానికి వచ్చింది. 14 అంగుళాల బ్యారెల్, .30-30 రైఫిల్ తూటాకు చేసినది. ఇందులో మొనదేలిన గుండ్లు కూడా వాడవచ్చు. తూటాలు ఒకదాని వెనుక ఒకటి ఉండే రైఫిల్ గొట్టపు మ్యాగజీన్‌లో అది ప్రమాదం, మొన తగిలి ముందున్న తూటా పేలవచ్చు. .30-30 తూటా కేసు (లోహపు గుల్ల) మెడను సన్నం చేసి రూపొందించిన 7-30 వాటర్స్ మీద కూడా మనసుంది, కానీ మా దగ్గరి దుకాణాల్లో ఆ తూటాలు దొరకడం గగనం. ఇంకా శక్తిమంతమైన .308 తూటా ఒత్తిడికి కంటెండర్ చాలదు, అదే కంపెనీ బరువైన పిస్తోలు ఎన్‌కోర్ కావాలి. ఆ తన్నును నా మణికట్టు తట్టుకుంటుందా అన్నది అనుమానమే.

వంద గజాల లోపు జింకకు .30-30 సరిపోతుందా? ఎన్ని గ్రెయిన్ల (బరువు కొలత) గుండు వాడుతున్నారు? చేతులు చాచి చూసే పిస్తోలు స్కోపుకు ఎంత పవర్ చాలు? వాడిన కంటెండర్ కొనేముందు బ్యారెల్ మూసుకునే చోట ఏమేం పరీక్షించాలి? శనివారం వెళ్లి చూడబోతున్నాను, ఈలోగా చెప్పగలిగితే ఎంతో మేలు.