'మల్లీశ్వరి' చూశాక: "రాణివాసం"లో బరువు ఏ సగానిది?

ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చుని 'మల్లీశ్వరి' (1951) చూశాం. అమ్మ ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. తొమ్మిదో తరగతి చదివే మా మేనకోడలికి ఇదే మొదటిసారి. కథానాయిక మల్లి కోసం రాణివాసపు పల్లకీ రాగానే, "అయితే మల్లి రాణి అయిపోయినట్టేగా, మరి ఏడుపెందుకు?" అంది. అమ్మ నవ్వేసింది. నాకు మాత్రం ఆ ప్రశ్న రాత్రి దాకా వదల్లేదు.

రాణివాసానికి వెళ్ళిన పిల్ల రాణి కాదు. రాణులుండే చోట గడప దాటకుండా పడి ఉండాల్సిన మనిషి, అంతే. వానకి పాడుబడ్డ మండపంలో తలదాచుకున్నప్పుడు మల్లి బావ నాగరాజు సరదాకి రాణివాసపు పల్లకీ పంపించమంటాడు. ఎదురుగా మారువేషంలో ఉన్నది రాయలవారూ పెద్దనా అని పాపం వాడికేం తెలుసు! అప్పుడు వాడి చెవికి ఎక్కింది 'రాణి' ఒక్కటే. మల్లి తల్లికీ అంతే. 'వాసం' సంగతి పల్లకీ వెళ్ళిపోయాక గానీ తెలిసిరాలేదు.

మన భాషలో ఈ 'వాసం' వేటికి అతుక్కుంటుందో చూడండి: వనవాసం, అజ్ఞాతవాసం, కారాగారవాసం. ఆఖరికి ఉపవాసం!

జవాబు: ఉపవాసాన్ని లాక్కురావడం అన్యాయమండీ. సహవాసం ఏం పాపం చేసింది? వైకుంఠవాసం?

జవాబు: వైకుంఠానికైనా పోయాకే కదండీ వెళ్ళేది! సహవాసం మాత్రం ఒప్పుకుంటున్నా.

జవాబు: హిందీలోనూ రనివాస్ అంటే అంతఃపురమే. మా అమ్మమ్మ మాత్రం వీధి గుమ్మంలోకి రాని కోడళ్ళని "రాణివాసం మనిషి" అనేది. అందులో మర్యాద ఎంతో, దెప్పు ఎంతో ఇప్పటికీ అంతుపట్టదు.

జవాబు: నిజం చెప్పాలంటే సినిమా నాకు కాస్త సాగదీసినట్టే అనిపించింది. కానీ "మనసున మల్లెల" వచ్చినంతసేపూ ఫోన్ ముట్టుకోలేదు. ఆ పాట రాసిన కృష్ణశాస్త్రి గారికి అదే మొదటి సినిమా అంటే నమ్మబుద్ధి కాదు.

జవాబు: పాత కావ్యాల్లో రాజుగారి ఇంటిని 'నగరు' అంటారు. రాయల కాలం కథ కాబట్టి ఆ మాట వాడి ఉంటే ఇంకా బాగుండేదేమో?

జవాబు: వద్దండీ బాబూ! "నగరికి వెళ్తోంది" అంటే, మా మేనకోడలు మల్లికి సిటీలో ఉద్యోగం వచ్చిందనుకుంటుంది.