కువైట్ ఎండకి మా ఆయన ఒళ్ళు అలవాటు పడేదెట్లా? తెలిసినవాళ్ళు చెప్పండి

కలిగిరి కోడలు:
మాది కలిగిరి దగ్గర పల్లె. మా ఆయన ఎలక్ట్రీషియన్, మే ఆఖర్లో కువైట్ పోయాడు, కట్టే బిల్డింగుల్లో వైరింగ్ పని. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండలో ఇక్కడ పని చేయలేదా, అక్కడి ఎండ మనల్నేం చేస్తుంది అని ధైర్యంగానే పోయాడు. ఇప్పుడు ఫోన్ చేస్తే గొంతులోనే నీరసం తెలిసిపోతోంది. మధ్యాహ్నానికి తలనొప్పి, ముక్కు చీదితే రక్తం చారలు, పెదాలు పగలడం, రాత్రిపూట పిక్కలు పట్టేయడం. ఇంకొకటి, చెమటే పట్టడం లేదంట, చొక్కా అసలు తడవడం లేదంట, అందుకని దాహం కూడా పెద్దగా లేదని నీళ్ళు తక్కువ తాగుతున్నాడు. అది వినగానే నాకు టెన్షన్ మొదలైంది. ఎన్నాళ్ళకి అలవాటు పడుతుంది? ఏం తాగాలి? ఎప్పుడు భయపడాలి? అత్తమ్మ రోజూ అడుగుతా ఉంది, ఏం చెప్పాలో తెలియడం లేదు.

కావలి పాత కువైట్:
అమ్మాయ్, నేను ఫర్వానియాలో చాలా ఏళ్ళు ఉండి వచ్చాను, చెమట సంగతి ముందు చెప్తాను. మీ ఆయనకి చెమట పడుతోంది, పట్టినది పట్టినట్టే ఆవిరైపోతోంది. మన కావలి, నెల్లూరు వైపు సముద్రం గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఒంటి మీదే కారుతుంది, చొక్కా తడుస్తుంది, నీళ్ళు తాగాలని మనకే గుర్తొస్తుంది. అక్కడ పొడిగాలి. కుండ పైన తడి ఆరితేనే లోపలి నీళ్ళు చల్లబడతాయి కదా, ఒళ్ళు కూడా అట్లానే చల్లబడుతుంది, కానీ ఆ నీళ్ళన్నీ ఒంట్లోంచే పోతాయి. మన జిల్లా నుంచి పోయినవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, ఎండ మనకి కొత్త కాదనుకుంటారు, ఆ ఎండ వేరు. మనం 43, 44 చూశాం, సాయంత్రానికి సముద్రం గాలి తిరిగి ప్రాణం లేచొస్తుంది, అక్కడ రాత్రి పదకొండుకి కూడా వేడిగాలే. కువైట్‌లో మిత్రిబా అనే చోట 2016 జులై 21న 53.9 డిగ్రీలు నమోదైంది, ప్రపంచ వాతావరణ సంస్థ దాన్ని ఖాయం చేసింది కూడా.

దాహం వేసేదాకా ఆగొద్దని చెప్పు. పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు. ఒకేసారి లీటర్లు లీటర్లు తాగడం కూడా తప్పే. మూత్రం రంగు చూసుకోమను, ముదురు పసుపు అయితే నీళ్ళు చాలడం లేదని అర్థం. ఉప్పు బాగా వేసుకుని మజ్జిగ తాగితే పిక్కలు పట్టేయడం కూడా తగ్గుతుంది, అక్కడ లబన్ అని సీసాల్లో అమ్ముతారు, అది మన మజ్జిగే అనుకో.

ఇంకో సంగతి, మేడ మీద ట్యాంకు నీళ్ళు మధ్యాహ్నం ఒళ్ళు కాలేటట్టు వస్తాయి. అందుకే వేసవిలో గీజర్ స్విచ్ ఆపేసి ఉంచుతారు. గీజర్ ఇంటి లోపల ఉంటుంది కాబట్టి దాంట్లో నీళ్ళు చల్లబడి ఉంటాయి, వేడినీళ్ళ కుళాయి తిప్పితే చల్లనివి వస్తాయి. సైటు నుంచి రాగానే దాంతో స్నానం చేస్తే రాత్రి నిద్ర పడుతుంది. ముక్కుకి రాత్రి పడుకునేముందు లోపల కొంచెం వ్యాజిలైన్ రాసుకోమను.

చీమకుర్తి క్వారీ:
అక్కా, నేను గ్రానైట్ క్వారీలో మనుషుల్ని చూసుకునే పనిలో ఉన్నా, మాకు నల్లరాయి మీద పడే ఎండ, గుంతలో గాలి ఆడదు. అలవాటుకి ఒకటి నుంచి రెండు వారాలు పడుతుంది. కానీ ఊరికే రూములో ఏసీలో కూర్చుంటే ఆ అలవాటు రాదు, వేడిలో కొంచెం కొంచెంగా పని పెంచుకుంటూ పోవాలి. కొత్త మనిషికి మొదటి రోజు మామూలు పనిలో ఐదో వంతే ఇవ్వాలి, ఆ తర్వాత రోజుకి ఇంకో ఐదో వంతు పెంచుకుంటూ పోవాలి, ఇది పని భద్రత చూసేవాళ్ళు చెప్పే లెక్క. అట్లా చేస్తే ఒళ్ళు ముందుగానే చెమట పట్టించడం మొదలుపెడుతుంది, చెమటలో ఉప్పు పోవడం తగ్గుతుంది. మొదటి రోజే మేస్త్రీ దగ్గర మంచి పేరు కోసం పరిగెత్తేవాడే ముందు పడిపోతాడు, నేను కళ్ళారా చూస్తున్నా. ఇంకోటి, సెలవు మీద ఇంటికొచ్చి కొన్ని వారాలు ఉండి పోతే ఆ అలవాటు పోతుంది, మళ్ళీ మొదటి నుంచీ నెమ్మదిగానే మొదలుపెట్టాలి.

కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 వరకు ఎండలో బయట పని చేయించకూడదని రూలు ఉంది. మీ ఆయన్ని అది అమలవుతోందా లేదా అడుగు. అడగడానికి మొహమాటపడకూడదు, అది వాళ్ళిచ్చే దయ కాదు. బిల్డింగ్ లోపల పని కదా అని ఆ టైములో చేయిస్తారేమో, కిటికీలు పెట్టని స్లాబు కింద కూడా వేడి తక్కువేం ఉండదు. పక్కనే ఇంకో మనిషి లేకుండా పని చేయొద్దని చెప్పు.

కలిగిరి కోడలు:
చాలా థాంక్స్ అన్నా, బాబాయ్. 11 నుంచి 4 దాకా ఆపుతున్నారంట, కానీ పొద్దున్నే నాలుగున్నరకి లేపి ఐదుకల్లా పనిలో దింపుతున్నారు, నిద్ర చాలడం లేదు. ఒకటి చెప్పడం మరిచాను, ఆయనకి బీపీ ఉంది, రోజూ మాత్ర వేసుకుంటాడు. ఉప్పు మజ్జిగ తాగొచ్చా?

ఒంగోలు నర్సు:
చెల్లీ, నాది ఒంగోలు, గల్ఫ్‌లోనే ఆసుపత్రిలో చేస్తున్నా. బీపీ అన్నావు కాబట్టి బాబాయ్ చెప్పిన ఉప్పు మాట ఇక్కడ ఆపాలి. ఉప్పు బాగా వేసుకోవద్దు, ఉప్పు మాత్రలు అసలు వద్దు. మామూలు లబన్, మామూలు భోజనం చాలు. బాగా చెమట పోయిన రోజు ఓఆర్‌ఎస్ తాగొచ్చా అన్నది కూడా డాక్టర్‌నే అడగమను. బీపీ లేనివాళ్ళు ప్యాకెట్ మీద ఎన్ని నీళ్ళు రాసి ఉంటే అన్ని నీళ్ళలోనే కలుపుకోవాలి, చిక్కగా కలపకూడదు. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్ళకి ఆరు టీ చెంచాలు చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచా తలకొట్టి కొలవాలి.

ముఖ్యంగా ఆ మాత్ర ఏదో చూడాలి. బీపీ మాత్రల్లో కొన్ని ఒంట్లో నీళ్ళని మూత్రంగా బయటికి పంపుతాయి, ఆ ఎండలో అవి వేసుకుంటే నీరసం, కళ్ళు తిరగడం ఎక్కువవుతుంది. అట్లా అని తనంతట తాను ఆపేయకూడదు, బీపీ పెరిగితే అదింకో ప్రమాదం. అక్కడి క్లినిక్‌లో చూపించుకుని డోసు మార్చాలా అని అడగమను.

ఎప్పుడు భయపడాలి అన్నావు కదా. తలనొప్పి, వాంతి వచ్చేటట్టు ఉండటం, కాళ్ళు పట్టేయడం వస్తే పని ఆపి నీడలోకి పోవాలి, అప్పుడే ఆగితే సర్దుకుంటుంది. మాట తడబడినా, అడిగినదానికి ఇంకేదో చెప్పినా, నడక తూలినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. ఒంటి వేడి 40 డిగ్రీల సెల్సియస్ (104 ఫారన్‌హీట్) దాటిపోతుంది. కష్టం చేసేవాళ్ళకి వడదెబ్బలో చెమట పడుతూనే ఉండొచ్చు, చెమట ఉంది కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. వెంటనే 112కి ఫోన్ చేయాలి, అంబులెన్స్ వచ్చేలోపే బట్టలు వదులు చేసి ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ గాలి విసరాలి, మెడ, చంకలు, గజ్జల్లో ఐసు పెట్టాలి. స్పృహ లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయకూడదు. పారాసిటమాల్ దీనికి పనిచేయదు, అది వేసి పడుకోబెట్టి ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఈ మాటలు మీ ఆయనకే కాదు, ఆయన రూములో ఉండేవాళ్ళకి కూడా వాట్సాప్‌లో పంపు. వడదెబ్బ తగిలిన మనిషికి తనకేమవుతోందో తెలియదు, పక్కవాళ్ళే కనిపెట్టాలి.

కావలి పాత కువైట్:
నర్సమ్మ చెప్పిందే సరి, బీపీ ఉంటే ఉప్పు వద్దు. ఇంకొక్క మాట, ఆగస్టు, సెప్టెంబరులో సముద్రం గాలి తిరిగిన రోజుల్లో అక్కడ కూడా ఉక్కపోత ఉంటుంది, అప్పుడు చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. ఇప్పుడు అలవాటైంది కదా అని అప్పుడు అజాగ్రత్తగా ఉండొద్దని చెప్పు. పొద్దున్నే లేపుతున్నారు కాబట్టి ఆ 11 నుంచి 4 మధ్యలో ఫోన్ పక్కన పెట్టి రెండు గంటలన్నా పడుకోమను. నువ్వు కూడా ఆ టైములో ఫోన్ చేయకు అమ్మాయ్, రాత్రికి చెయ్యి.

కలిగిరి కోడలు:
సరే బాబాయ్. అక్కా, మాత్రల అట్ట ఫోటో తీసి పంపమన్నాను, శుక్రవారం సెలవు, ఆ రోజు క్లినిక్‌కి పోతానన్నాడు. నువ్వు చెప్పింది మొత్తం వాళ్ళ రూమువాళ్ళ గ్రూపులో పెట్టించా.